ప్రతి ఉదయమూ జనవరి ఒకటే

మా అత్తయ్య తనకు మతిమరుపు వచ్చిందని నమ్మడానికి కారణం నేనే. నేను చేసింది అరచేతిలో ఇమిడేంత చిన్న పని. ఆ తర్వాత ఎనిమిది రోజులు నోరు విప్పకపోవడం మాత్రం చిన్నదని ఏ మొహం పెట్టుకుని అనను?

మా ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్, పదమూడేళ్ళది. హాల్లో కిటికీ పక్కన బల్ల కింద దాని సీపీయూ డబ్బా ఉండేది. లోపల ఫ్యాను అందుకుందంటే ఫోన్లో అవతలివాళ్ళు "మిక్సీ వేశారా, మళ్ళీ చేయమంటారా?" అని అడిగేవాళ్ళు. పొద్దున ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా అది అత్తయ్యది. భోజనాల తర్వాత నాది. సాయంత్రం అత్తయ్య గోడ దగ్గర స్విచ్ కూడా తీసేసి, "ఇక పడుకోవే తల్లీ" అని దాని మీద గుడ్డ కప్పేది.

అత్తయ్య పుస్తకాలకు పదసూచికలు తయారుచేస్తుంది. లావుపాటి పాఠ్యపుస్తకాల చివర, ఫలానా మాట ఫలానా పేజీలో ఉందని అక్షరక్రమంలో వేస్తారే, అవి. ముప్పై ఏళ్ళుగా ఆమెది అదే పని. నాలుగు వందల పేజీల పుస్తకం చదివాక, కాలేయం గురించి ఎక్కడెక్కడ వచ్చిందంటే కాగితం చూడకుండా చెబుతుంది. ఆ జ్ఞాపకశక్తికి ఇంట్లో మేమూ బలి అయ్యేవాళ్ళం. పెళ్ళయిన కొత్తలో నేను మాడ్చిన వంటలు ఏ వరుసలో మాడ్చానో కూడా ఆమెకు గుర్తు. "అమ్మ నోట్లో కూడా ఒక పదసూచిక ఉంది, జాగ్రత్త," అనేవాడు మా ఆయన.

అత్తాకోడళ్ళంటే జనం ఏవేవో అనుకుంటారు కానీ మేమిద్దరం ఒక జట్టు. మా ఆయన మీద చాడీలు నేను ఆమెకే చెప్పేదాన్ని, ఆమె ఇంకో రెండు కలిపి నాకు తిరిగి చెప్పేది. ఎవరింట్లోనైనా అత్తాకోడళ్ళ గొడవ విన్నప్పుడు మేమిద్దరం ఒకరినొకరు చూసుకుని గర్వపడేవాళ్ళం.

నేను వంటింటి అలమరాల డిజైన్లు గీస్తాను. వడ్రంగి కొలతలు పంపితే, అలమరాలు బిగించాక వంటగది ఎలా ఉంటుందో బొమ్మ కట్టి చూపించాలి. ఒక్కో బొమ్మ తయారవడానికి ఆ ముసలి యంత్రం నలభై నిమిషాలు తీసుకునేది. సగంలో ఆగిపోతే మళ్ళీ మొదటికే. "మేడమ్, మీ బొమ్మ వచ్చేలోపు నేను అలమరానే చేసేస్తా," అన్నాడొకసారి వడ్రంగి. అందరూ నవ్వారు, నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. కొత్తది ఉంటే ఇంతకు మూడింతల పని చేయగలను. నా వయసు వాళ్ళందరూ చేస్తున్నారు.

అందుకే కొత్త కంప్యూటర్ మాట ఎత్తాను. ఎత్తిన ప్రతిసారీ అత్తయ్య ఒకటే అడిగేది.

"నా ప్రోగ్రాము అందులో నడుస్తుందా?"

నడవదు. ఆమె పదసూచికలు కట్టే ప్రోగ్రామును చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త సిస్టమ్‌లో అది తెరుచుకోను కూడా తెరుచుకోదు. "పోనీ దీన్నే కాస్త బాగుచేయించుకుందాం," అనేది. ఎంత బాగుచేయించినా నా బొమ్మలకు అది చాలదని నేను. రెండు పెట్టుకుంటే ఎక్కడ పెడతారు, రెండూ ఎందుకు అని మా ఆయన. ఆయన మందుల షాపులో పనిచేస్తాడు, మాత్ర పనిచేస్తున్నంతకాలం మార్చకూడదన్నది ఆయన సిద్ధాంతం. చివరికి తీర్పు ఇచ్చేశాడు.

"పనిచేస్తున్నదాన్ని పారేయలేం కదా. పాడైతే చూద్దాంలే."

పాడైతే చూద్దాంలే అన్న మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఆ ఆదివారం వంటింట్లో పిండి తూచే చిన్న కాటా పనిచేయడం మానేసింది. వెనక మూత తీస్తే లోపల నాణెం లాంటి సెల్ ఉంది. అచ్చం అలాంటి సెల్లే కంప్యూటర్ డబ్బాలో కూడా ఉంటుందని నాకు తెలుసు, దుమ్ము దులిపేటప్పుడు చూశాను. కరెంటు తీసేసినా తారీఖు, టైము గుర్తుంచుకునేది ఆ సెల్ వల్లే. అది అయిపోతే పొద్దున వేయగానే నల్లటి తెర వచ్చి, గడియారం సరిగా లేదు, ముందుకెళ్ళాలంటే ఈ మీట నొక్కండి అని అడుగుతుంది. అంతకుమించి ఏమీ కాదు. రోజూ పొద్దున్నే ఆ నల్ల తెర చూస్తే అత్తయ్యే విసిగి, కొత్తది కొనేయమంటుందని నా లెక్క. అత్తయ్య, మా ఆయన కూరలకు వెళ్ళినప్పుడు డబ్బా తెరిచాను. మంచి సెల్ కాటాలోకి వచ్చింది, చచ్చిన సెల్ కంప్యూటర్‌లోకి వెళ్ళింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ సాయంత్రం ఆ కాటాతోనే పిండి తూచి బిస్కెట్లు చేశాను. బాగా కుదిరాయని అత్తయ్య నాలుగు తిన్నది.

ఆమె విసుక్కోలేదు. "పాపం, దీనికీ పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదు," అని నవ్వి, ఆ మీట నొక్కి, పనిలో పడింది. సోమవారం అలాగే, మంగళవారం అలాగే. నా పథకం పారలేదని పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను.

శనివారం పొద్దున అత్తయ్య నన్ను పిలిచింది.

"అమ్మాయ్, ఒకసారి ఇటు రా. నా ఫైళ్ళు ఏవీ?"

ఆమె పద్ధతి ఇది. ఏ రోజు చేసిన పేజీలు ఆ రోజు ఫైల్లో ఉంటాయి. శనివారం వారమంతా చేసినవి కలుపుకుంటుంది. ఆ రోజు చూస్తే సోమవారం నుంచి శుక్రవారం దాకా చేసిన పనిలో ఒక్క ఫైలే ఉంది, శుక్రవారానిది. నాలుగు రోజుల పని గల్లంతు.

"సేవ్ చేయడం మర్చిపోయి ఉంటావు అత్తయ్యా."

"నాలుగు రోజులూనా?" అంది. తెర వైపే చూస్తూ, "అంతేనేమో," అంది.

ఒట్టేసి చెబుతున్నాను, అప్పటికి నాకూ అర్థం కాలేదు. ఆమె ప్రోగ్రాములో ఫైళ్ళ పేర్లు కనబడవు, లోపలి పేజీ నంబర్లే కనబడతాయి. తెర మీద గడియారమూ ఉండదు. టైము చూస్తే పని సాగదని, అడుగున ఉండే ఆ పట్టీని ఎప్పుడో దాచేసింది. ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ కూడా లేదు, ఉంటే తారీఖు తనంతట తానే సర్దుకునేది.

మరుసటి మంగళవారం మధ్యాహ్నం, పోయిన ఫైళ్ళు ఎక్కడైనా దొరుకుతాయేమోనని ఆ ప్రోగ్రాము బయట నేనే వెతికాను. అప్పుడు చూశాను, ఆ పొద్దున ఆమె చేసిన ఫైలు పేరు: జనవరి ఒకటి. మేమున్నది ఆగస్టులో.

చాలా ఏళ్ళ కిందట మా ఆయన వాళ్ళమ్మ కోసం ఒక ఏర్పాటు చేసిపెట్టాడు. ఒక మీట నొక్కితే చాలు, ఆ రోజు తారీఖునే పేరుగా పెట్టి ఫైలు దాచేస్తుంది. రోజుకు ఇరవైసార్లు నొక్కుతుంది కాబట్టి, పాతదాని మీద రాయనా అని అడగకుండా రాసేస్తుంది. సాయంత్రం ఆమె గోడ స్విచ్ తీయగానే, చచ్చిన సెల్ పుణ్యమా అని గడియారం మొదటికి పోతోంది. దానికి ప్రతి ఉదయమూ జనవరి ఒకటే. సోమవారం చేసిన పని మీద మంగళవారం పని, దాని మీద బుధవారం పని పడి, ఆమె తన కష్టాన్ని తన చేత్తోనే చెరిపేసుకుంటోంది.

అప్పుడే లేచి వెళ్ళి చెప్పాల్సింది. పక్క గదిలోనే ఉంది, చొక్కాలకు గుండీలు కుట్టుకుంటోంది. పది అడుగుల దూరం. నేను లేచాను కూడా. కానీ ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర మా ఆయన అన్న మాట గుర్తొచ్చింది. "ఫైళ్ళు మింగేస్తోందంటే ఇక లాభం లేదు. గురువారం షాపాయన్ని రమ్మన్నాను, వచ్చి చూసి చెబుతాడు." రెండేళ్ళుగా నేను వినాలనుకున్న మాట అది. రెండు రోజులే కదా, ఆయన వచ్చి వెళ్ళాక చెబుదాం అనుకున్నాను. ఆ రోజు ఫైలును మాత్రం నా ఫోల్డర్‌లోకి ఒక కాపీ తీసుకుని, దానికి మంగళవారం అని పేరు పెట్టాను. కనీసం ఆమె కష్టం పోకుండా కాపాడుతున్నాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా మనసు ఎంత తేలిగ్గా ఒప్పుకుందో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గురువారం షాపాయన వచ్చాడు. చెవి మీద పెన్సిల్ పెట్టుకున్నట్టు స్క్రూడ్రైవర్ పెట్టుకుంటాడు కాబట్టి మేం ఆయన్ని స్క్రూ మాస్టారంటాం. యంత్రాన్ని చూసి చేతులు కట్టుకున్నాడు.

"రెండు దారులున్నాయండీ. పాత హార్డ్ డిస్కు తీసేసి కొత్తరకం డిస్కు, ఇంకాస్త ర్యామ్ వేస్తే పెద్దమ్మగారి పనికి ఐదేళ్ళు ఢోకా లేదు. చిన్నమ్మగారి బొమ్మలకంటారా, ఈ బోర్డు పనికిరాదు. దానికి కొత్త మెషీనే కొనాలి. అసలు లోపల ఏముందో ఒకసారి తెరిచి చూడమంటారా?"

"వద్దులెండి, దుమ్ము లేస్తుంది," అన్నాను.

ఆయన వింతగా చూశాడు. దుమ్ముకు భయపడితే ఆయన బతుకు గడుస్తుందా! తెరిచి ఉంటే ఆ సెల్‌ను పరీక్షించి చూసేవాడు, విషయం అక్కడితో తేలిపోయేది. తేలు కుట్టిన దొంగలా నేను టీ తెస్తానని లోపలికి వెళ్ళిపోయాను. టీతో తిరిగి వచ్చేసరికి మా ఆయన కొత్తది తెప్పించమని చెప్పేశాడు.

అత్తయ్య ఆ వారం ఒక చిన్న నోటు పుస్తకం పక్కన పెట్టుకుంది. మీట నొక్కిన ప్రతిసారీ అందులో ఒక టిక్కు పెట్టేది. శనివారం ఫైళ్ళు తెరిచి చూస్తే మళ్ళీ ఒక్కటే ఉంది. ఆ పుస్తకంలో రోజుకు ఇరవై చొప్పున టిక్కులున్నాయి. ఆమె కంప్యూటర్ వైపు చూడలేదు, ఆ టిక్కుల వైపే చూస్తూ కూర్చుంది.

"చేయని పనికి టిక్కులు పెడుతున్నానే," అంది నెమ్మదిగా.

"అది కంప్యూటర్ తప్పమ్మా, ముసలిదైపోయింది," అన్నాడు మా ఆయన.

"నీ భార్య పనంతా అందులోనే భద్రంగా ఉందిగా. నా పనే పోతోంది. అప్పుడు ముసలిదైంది కంప్యూటరా, నేనా?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. నాలుగు ఫైళ్ళు, మంగళవారం నుంచి శుక్రవారం దాకా, నా ఫోల్డర్‌లో ఉన్నాయి. నోటి దాకా వచ్చిన మాటను మింగేశాను. ఇప్పుడు చెబితే మంగళవారమే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. కొత్తది సోమవారం వస్తుంది, అది వచ్చిన హడావిడిలో ఫైళ్ళు దొరికాయని చెప్పేద్దాం అనుకున్నాను. తప్పును దాచడానికి నాకు ప్రతిసారీ ఇంకో రెండు రోజులు కావాల్సి వచ్చేది.

సోమవారం కంప్యూటర్ రాలేదు, సరుకు రెండు రోజులు ఆలస్యమన్నారు. అదే రోజు అత్తయ్య మా ఆయన్ని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. తనంతట తానే వెళ్తానంది. మూడు మాటలు చెప్పి కాసేపటికి మళ్ళీ చెప్పమన్నారట, గడియారం బొమ్మ గీయమన్నారట. అన్నీ సరిగ్గానే చేసింది. "ఇప్పుడు బాగానే ఉంది, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం," అన్నారట డాక్టరు. మా ఆయనకు మొదటి సగం వినబడింది, అత్తయ్యకు రెండో సగం వినబడింది.

ఆ రెండు రోజులూ ఆమె మారిపోయింది. స్టవ్ ఆపానా అని నన్ను అడిగేది, ఆపిందే అయినా. నేను ఏదైనా చెబితే వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది. ఎప్పుడూ నా మీద పడే ఆ పదసూచిక నోరు మూతపడింది. నేను కూర మాడ్చినా ఏమీ అనలేదు. తిట్టించుకోవాలని ఇంతగా అనిపించడం నాకు అదే మొదటిసారి.

బుధవారం సాయంత్రం టీ తాగుతుండగా అంది.

"ఎడిటర్ గారికి ఫోన్ చేశాను. ఈ పుస్తకం వేరేవాళ్ళకు ఇచ్చేయమన్నాను. తప్పు పేజీ నంబర్లు వేసి పిల్లల చేత తిట్టించుకునేకంటే ఇప్పుడే ఆపేయడం మేలు. కొత్తది రాగానే ఈ పాతదాన్ని తీసేయ్ అమ్మాయ్. నా ప్రోగ్రాము నడవక్కర్లేదుగా ఇక."

నేను కోరుకున్నదంతా ఆమె తన చేత్తో తీసి నా ముందు పెట్టింది. టీ గ్లాసు కింద పెట్టేశాను.

"అత్తయ్యా, నీకు మతిమరుపు లేదు. నేనే చేశాను," అన్నాను.

చెప్పేశాను. కాటా, సెల్, తారీఖు, ఆ మీట, అన్నీ. ఆమె మధ్యలో ఆపకుండా అంతా విన్నది. విని, కుర్చీ దగ్గరికి జరుపుకుని, నా తల నిమిరింది.

"పిచ్చిదానా! నా మనసు కుదుటపడాలని నేరం నెత్తిన వేసుకుంటున్నావా? కూతురుంటే కూడా ఇంత చేసేది కాదు. ఎంత బాగా అల్లావే కథ, కాటాతో సహా!"

ఆమె కళ్ళల్లో నీళ్ళు, ముఖం మీద నవ్వు. రెండు వారాల తర్వాత ఆమె నవ్వడం అదే. నేను చెప్పాల్సింది చెప్పేశాను, ఆమె నమ్మలేదు, పైగా మెచ్చుకుంటోంది. అక్కడితో ఊరుకుంటే నన్ను అడిగేవాళ్ళెవరూ లేరు. ఊరుకుందామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. దాన్నీ దాచను.

లేచి కంప్యూటర్ వేశాను. నల్ల తెర వచ్చింది, మీట నొక్కాను. నా ఫోల్డర్ తెరిచి, "చూడు అత్తయ్యా," అన్నాను.

కళ్ళజోడు పెట్టుకుని వంగింది. మంగళవారం, బుధవారం, గురువారం, శుక్రవారం. ఒక్కొక్కటీ తెరిచి చూసింది. అన్నీ ఆమె పేజీలే, ఆమె అక్షరక్రమమే, రక్తనాళాల దగ్గర ఆమె పెట్టుకున్న ప్రశ్నార్థకంతో సహా. చదువుతున్నకొద్దీ ఆమె వీపు నిటారుగా అయింది. తను చేసిన పని తను చేసిందేనని ఆమెకు తెలిసిపోయింది. నాకు ఒక్క నిమిషం ప్రాణం లేచివచ్చింది.

తర్వాత ఆమె నావైపు తిరిగింది.

"సోమవారానిది లేదేం?"

"అప్పటికి నాకు తెలియదు అత్తయ్యా."

"అంటే మంగళవారం నుంచి తెలుసు."

నేను తల వంచుకున్నాను.

"నేను టిక్కులు పెట్టుకుంటున్నప్పుడు తెలుసు. డాక్టరు దగ్గర గడియారం బొమ్మ గీస్తున్నప్పుడు తెలుసు." ఆమె గొంతు పెంచలేదు. "చూస్తూనే ఉన్నావు."

ఆ సాయంత్రం మా ఆయనకు నేనే చెప్పాను. ఆయన "పాడైతే చూద్దాం అన్నది నేనే," అని బయటికి వెళ్ళిపోయాడు. నా తప్పులో ఆయన వాటా తీసుకోవడం కూడా నాకు బరువే అయింది.

పొద్దున అత్తయ్య ఎడిటర్ గారికి ఫోన్ చేసింది. ఆ పుస్తకం అప్పటికే వేరే ఎవరికో వెళ్ళిపోయింది, తర్వాతిది వస్తే చెబుతామన్నారు. మతిమరుపని ఎందుకన్నారని ఆయన అడిగినట్టున్నాడు. "లేదండీ, కంప్యూటర్‌లో చిన్న లోపం. దొరికింది," అంది. నా పేరు ఎత్తలేదు.

తర్వాత స్క్రూ మాస్టారిని పిలిపించి ఏం చేయాలో తనే తేల్చింది. పాతదానికి కొత్త సెల్, కొత్త డిస్కు, ర్యామ్ వేయించింది. దాని మీద పని తనొక్కతే చేస్తుంది. నా ఫైళ్ళన్నీ తీసి ఇచ్చేయమంది. నాకు వచ్చే కొత్తది మా గదిలో పెట్టుకోమంది. రెండు ఎక్కడ పెడతారన్న ప్రశ్న ఈసారి ఎవరూ అడగలేదు. ఆయన వెళ్ళాక వేసి చూస్తే పాత యంత్రం నిమిషంలో లేచింది, ఫ్యాను చప్పుడు కూడా తగ్గింది.

నేను వంటింట్లోకి వెళ్ళబోతుంటే పిలిచింది.

"అమ్మాయ్. వేయగానే పాస్‌వర్డ్ అడిగేలా చేయొచ్చుటగా. ఎలా పెట్టాలో నాకు తెలియదు, నువ్వే చూపించాలి."

చూపించాను. ఎక్కడికి వెళ్ళాలో, ఏది నొక్కాలో ఆమె నోటు పుస్తకంలో రాసుకుంది. పాస్‌వర్డ్ కొట్టాల్సిన ఖాళీ గడి వచ్చింది. ఆమె చేతులు మీటల మీద పెట్టి ఆగింది.

"కొంచెం అటు తిరుగు," అంది.

గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆమె ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతోంది. మీటల లెక్క కూడా తెలియకూడదని నేను చెవులు మూసుకున్నాను. కాసేపటికి నా భుజం తట్టి, రెండోసారి కూడా కొట్టమంటోంది, అదే కొట్టాలా అని అడిగింది. అదే కొట్టాలి అత్తయ్యా అన్నాను, ఇటు తిరగకుండానే.